పదిహేనేళ్ళ పిల్ల "ఇంక చాలు" అని స్టోరీ పెట్టింది, ఫోన్ తీసేయమంటారా?

పెద్దమ్మ (అంబాజీపేట దగ్గర ఊరు), ఆదివారం రాత్రి 11:40

నమస్తే అండి. ఇంట్లో ఎవరితోనూ పూర్తిగా మాట్లాడలేక ఇక్కడ రాస్తున్నాను.

మా చెల్లెలు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి ఇది నాలుగో ఏడు. దాని కూతురు మా అమ్మ దగ్గర ఉంటోంది. మా ఇల్లు అక్కడికి నాలుగిళ్ళ అవతల. పిల్లకి మొన్ననే పదిహేను నిండాయి. టెన్త్ మంచి మార్కులతో పాసై ఇంటర్ ఎంపీసీలో చేరింది. రోజూ బస్సు మీద అమలాపురం వెళ్ళొస్తుంది.

నిన్న మా అమ్మాయి (డిగ్రీ చదువుతోంది) నాకొకటి చూపించింది. పిల్లకి ఇన్‌స్టాలో రెండు అకౌంట్లున్నాయి. ఒకటి అందరికీ తెలిసినదే. లంగా ఓణీ ఫొటోలు, వాడపల్లి వెళ్ళినప్పుడు దిగిన ఫొటోలు ఉంటాయి. రెండోదానికి పేరు లేదు, ఫొటో ఉండాల్సిన చోట నల్లటి సున్నా. అందులో ఉన్నది పదకొండు మందే. వాళ్ళలో మా అమ్మాయి ఒకతి. మొన్న రాత్రి ఆ అకౌంట్లో స్టోరీ పెట్టింది. నల్ల తెర మీద చిన్న తెల్ల అక్షరాలు: "ఇంక చాలు. ఎవరికీ బరువు అవ్వను." ఒక రోజు గడిస్తే స్టోరీ దానంతటదే పోతుందట. మా అమ్మాయి ఆ పూట చూడకపోయి ఉంటే మాకు తెలిసేదే కాదు.

రాత్రి ఒంటిగంట, రెండు దాకా దుప్పట్లోంచి వెలుతురు కనపడుతూ ఉంటుందని అమ్మ చెబుతోంది. పోయిన నెల ఫోన్ లాక్కుంటే రెండు రోజులు అన్నం ముట్టలేదు. మా ఆయన "ఆ ఫోన్ తీసుకెళ్ళి కాలవలో పడేస్తే అన్నీ సర్దుకుంటాయి" అంటారు. అమ్మేమో "ఈ కాలం పిల్లలందరూ ఇంతే, పట్టించుకోకండి" అంటుంది. చెల్లికి ఇంకా చెప్పలేదు. అంత దూరంలో ఉండి ఏం చేస్తుంది, ఏడవడం తప్ప.

ఏం చేయమంటారు?

నిర్వాహకురాలు, 11:58

అమ్మా, మిగతావాళ్ళు రాసేలోపు రెండు ముక్కలు. ఈ రాత్రి పిల్లని ఒంటరిగా పడుకోనివ్వకండి. మీరో, మీ అమ్మాయో వెళ్ళి ఆ గదిలోనే పడుకోండి, ఏదో ఒక సాకు చెప్పి. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. రాత్రీపగలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పిల్లే చేయాలని లేదు, మీరు చేసి మీరే అడగొచ్చు. పిల్లల కోసం 1098 కూడా ఉంది. ప్రమాదం కళ్ళ ముందే ఉందనిపిస్తే ఎవరి సలహా కోసమూ ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

రాసేవాళ్ళందరికీ ఒక మనవి. ఎవరు ఎలా పోయారు, ఏం వాడారు అనే వివరాలు ఇక్కడ వద్దు. ఇది చదివేవాళ్ళలో పిల్లలు కూడా ఉంటారు.

లెక్కల మాస్టారు, భీమవరం, సోమవారం ఉదయం 6:10

అమ్మా, నేను ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. నా మాట కటువుగా ఉంటే క్షమించండి. ఫోన్ తీసేయండి. బటన్ల ఫోన్ ఒకటి కొనివ్వండి, బస్సు తప్పిపోతే ఇంటికి చెప్పడానికి అది చాలు.

2019లో నా క్లాసులో చురుగ్గా ఉన్న పిల్లల మొహాలు, ఇప్పటి పిల్లల మొహాలు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు మొదటి గంటలోనే కళ్ళు మూతలు పడుతుంటాయి. ఇది నా ఒక్కడి మాట కాదు. 2023 మేలో అమెరికా సర్జన్ జనరల్‌గా, అంటే అక్కడి ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారిగా, ఉన్న వివేక్ మూర్తి హెచ్చరిక జారీ చేశారు. రోజుకి మూడు గంటలకంటే ఎక్కువ సోషల్ మీడియాలో గడిపే పిల్లలకి డిప్రెషన్, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపు అని అందులో ఉంది. ఆస్ట్రేలియా అయితే పదహారేళ్ళలోపు పిల్లలకి అకౌంటే ఉండకూడదని చట్టం చేసి 2025 డిసెంబర్ 10 నుంచి అమలు చేస్తోంది. అంత పెద్ద దేశం ఊరికే చేస్తుందా? పిల్ల రెండు రోజులు ఏడుస్తుంది, మూడో రోజు తింటుంది.

శీను, రాజోలు (ఇప్పుడు దుబాయ్‌లో), 7:25

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. ఆ పిల్లకి వాళ్ళమ్మ ఉన్నది ఎక్కడ? ఆ ఫోన్లోనే.

మా వైపు ఏ వీధి చూసినా గల్ఫ్ వెళ్ళినవాళ్ళున్న ఇల్లు ఒకటి తగులుతుంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, గోదారి దాటితే నరసాపురం, అంతా ఇంతే. మా పిల్లలు మా మొహాలు చూసేది ఐఎంఓ వీడియో కాల్‌లోనే. మా చిన్నోడికి నేను వచ్చినప్పుడు నా గొంతు కొత్తగా అనిపించిందట, ఫోన్లో వినే గొంతుకీ దానికీ తేడా ఉందని. ఆ పిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కుంటే రీల్స్ ఒక్కటే పోవు, అమ్మ కూడా పోతుంది. రెండు రోజులు అన్నం మానేసింది అంటే అది మొండితనమని నేను అనుకోను.

డాక్టరమ్మ, కాకినాడ వైపు, 9:05

నేను మానసిక వైద్యంలో పనిచేస్తాను. పిల్లని చూడకుండా ఏమీ తేల్చను. మీరు రాసినదాంట్లో నాకు భయం కలిగించినవి మాత్రం చెబుతాను.

"ఎవరికీ బరువు అవ్వను" అన్న మాట. మన ఇళ్ళలో చావు అన్న మాటని రోజంతా వాడతాం. నవ్వలేక చచ్చాం అంటాం, పని చేయలేక చస్తున్నాం అంటాం, కోపమొస్తే పిల్లల్ని "ఎక్కడికన్నా పోయి చావు" అనేస్తాం. అందుకే పిల్ల నిజంగా ఆ మాట అన్నప్పుడు మన చెవికి ఎక్కదు. చావు అన్న మాట లేకుండా "నేను లేకపోతే మీకు సుఖం", "నా వల్ల మీకు కష్టం" అంటే మరీ ఎక్కదు. నా దగ్గరకొచ్చే పిల్లల్లో బరువు అన్న మాట చాలాసార్లు విన్నాను. అది తేలిగ్గా తీసుకునేది కాదు.

ఇక ఫోన్ సంగతి. మాస్టారు చెప్పిన మూడు గంటల మాట నిజమే. తర్వాత 2025 జూన్‌లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఇంకో అధ్యయనం వచ్చింది. సగటున పదేళ్ళున్న నాలుగు వేలకు పైగా పిల్లల్ని కొన్నేళ్ళపాటు గమనించారు. మొదట్లో రోజుకి ఎన్ని గంటలు తెర చూశారన్న లెక్కకీ, తర్వాత వచ్చిన ఆత్మహత్య ఆలోచనలకీ సంబంధం కనిపించలేదు. సంబంధం కనిపించింది ఇంకోదానికి. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, చేతిలో లేకపోతే తల్లడిల్లడం, బాధ మర్చిపోవడానికి అందులోకే పోవడం. ఇవి ఎక్కువగా ఉన్న పిల్లల్లో, ఏటేటా పెరుగుతూ వచ్చిన పిల్లల్లో ఆ ఆలోచనలూ ప్రయత్నాలూ దాదాపు రెండు మూడు రెట్లు ఉన్నాయి. ఫోనే కారణమని ఆ అధ్యయనం తేల్చలేదు. బాధలో ఉన్న పిల్ల ఫోన్లోకి పోతుందా, ఫోన్ వల్ల బాధ వస్తుందా అంటే, నేను చూసినంతలో రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. కాబట్టి నేను గంటలు లెక్కపెట్టను. ఆ రాత్రి దేనికోసం ఫోన్ పట్టుకుంది, ఏం చూస్తోంది, పక్కన పెట్టగలుగుతోందా అని అడుగుతాను.

మీరు చేయాల్సిన పని ఒకటుంది, కష్టంగా ఉంటుంది. సూటిగా అడగాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని, ఆ మాటతోనే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని అందరూ భయపడతారు. అలా జరగదని పరిశోధనలు చూపించాయి. చాలామంది పిల్లలకి ఎవరో ఒకరు అడిగారన్నదే పెద్ద ఊరట. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, దేవుడి పటం ముందు నిలబెట్టకండి. వినండి. ఎలా చేయాలి అన్న ఆలోచన దాకా వెళ్ళిందా అని కూడా అడగండి. వెళ్ళిందంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి.

ఇంకోటి. మనవి వ్యవసాయం ఇళ్ళు. చేలో వాడే మందులు, ముసలివాళ్ళ బీపీ షుగర్ మాత్రలు తాళంలో పెట్టండి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. ఆ ఆలోచన చాలాసార్లు ఒక కెరటంలా వచ్చి పోతుంది. అది దాటేదాకా ప్రమాదం అందుబాటులో లేకపోతే ప్రాణం నిలుస్తుంది.

పెద్దమ్మ, 9:40

రాత్రి మా అమ్మాయి వెళ్ళి అక్కడే పడుకుంది. తాళం సంగతి ఇప్పుడే చేయిస్తాను. అడగాలంటే నాకు కాళ్ళు వణుకుతున్నాయి డాక్టరమ్మా. నేను ఆ అకౌంట్ చూశానని తెలిస్తే ఇక ఎవరినీ నమ్మదేమో.

లేసు దారం, నరసాపురం వైపు, 10:30

అక్కా, నాకు ఇప్పుడు ఇరవై ఒకటి. పదహారేళ్ళప్పుడు నేనూ అలాంటి అకౌంటే పెట్టాను. అందుకే రాస్తున్నాను.

ఆ రెండో అకౌంట్ దాచుకోవడానికే అనుకుంటారు మీరు. నేను పెట్టింది ఎవరో ఒకరు చూడాలని. అమ్మకి చెప్పలేను, అందరికీ కనపడేలా పెట్టలేను, అలాగని ఎవరికీ కనపడకుండా ఉండలేను. అందుకని ఏరి ఏరి కొంతమందికి పెట్టుకుంటాం. మీ అమ్మాయిని ఆ పదకొండు మందిలో పెట్టుకుందంటేనే మీ ఇంట్లో ఒకరిమీద నమ్మకం ఉందని అర్థం.

"నీ స్టోరీ చూశాను, నాకు భయమేసింది" అని మీ అమ్మాయి చేతే చెప్పించండి. ఫోన్ తీసి చదివామని అబద్ధం చెప్పొద్దు, ఎవరో చెప్పారనీ అనొద్దు.

నన్ను మొదట అడిగింది నా స్నేహితురాలు కాదు, ఇంట్లోవాళ్ళూ కాదు. ఆన్‌లైన్లో పరిచయమైన అనంతపురం అమ్మాయి. నేను ఇప్పటికీ ఆమెని ఎదురుగా చూడలేదు. "అన్నం తిన్నావా" అని రోజూ మెసేజ్ పెట్టేది. ఫోన్ మొత్తం విషం అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కానీ అదే ఫోన్లో రాత్రి పన్నెండు దాటాక నాకొచ్చే వీడియోలు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి ఏడుపు పాటలు, వాన చినుకులు, "నేను పోయాక అర్థమవుతుంది" లాంటి మాటలు. వాటి కింద వేలమంది "నేను కూడా" అని రాస్తారు. అప్పుడు నాకు అది ఓదార్పులా ఉండేది.

మా నానమ్మ లేసు అల్లుతుంది. డాక్టర్ దగ్గర మందులు మొదలుపెట్టాక కొన్నాళ్ళు ఆవిడ నా పక్కన కూర్చుని అల్లుకుంటూ ఉండేది, ఒక్క మాట అడిగేది కాదు. నా చేతికి కూడా ఒక సూది ఇచ్చింది. ఒక పువ్వు పూర్తవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మందులు, కౌన్సెలింగ్, ఆ పువ్వు, మూడూ కలిసి పనిచేశాయి. ఏదో ఒకటే అని చెప్పలేను.

రావులపాలెం అబ్బాయి (హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్), మధ్యాహ్నం 1:15

పైన చెల్లెలు చెప్పిన వీడియోల సంగతి కొంచెం వివరిస్తాను. ఆ యాప్‌కి మన బాధ తెలియదు. ఏ వీడియో దగ్గర వేలు ఆగింది, ఎన్నిసార్లు చూశాం, ఏది ఇంకొకరికి పంపాం, ఇవే దానికి తెలుసు. బాధలో ఉన్న పిల్ల బాధ వీడియో దగ్గర ఆగుతుంది. ఆగింది కాబట్టి అలాంటిదే ఇంకోటి వస్తుంది. కొన్ని రాత్రులు గడిచేసరికి ఆ తెరలో ప్రపంచమంతా ఏడుస్తున్నట్టే ఉంటుంది.

లండన్‌లో మాలీ రస్సెల్ అనే పద్నాలుగేళ్ళ అమ్మాయి 2017 నవంబర్‌లో చనిపోయింది. తండ్రి ఐదేళ్ళు పోరాడితే 2022 సెప్టెంబర్‌లో విచారణ అధికారి తేల్చిన మాట ఏమిటంటే, ఆ పిల్ల అడక్కుండానే వచ్చిపడ్డ అలాంటి పోస్టులు ఆమె మరణానికి నామమాత్రం కంటే ఎక్కువగానే దోహదం చేశాయని. 2021లో ఫ్రాన్సిస్ హాగెన్ అనే ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని బయటపెట్టిన ఆ కంపెనీ (ఇన్‌స్టా కూడా వాళ్ళదే) లోపలి కాగితాల్లోనూ ఇన్‌స్టా వల్ల కొందరు ఆడపిల్లలకి తమ ఒంటి మీద అసహ్యం ఇంకా పెరుగుతోందని వాళ్ళే రాసుకున్నారు.

చేయగలిగింది చెబుతాను. ఇన్‌స్టా సెట్టింగ్స్‌లో సిఫార్సులు మొత్తం చెరిపేసి కొత్తగా మొదలుపెట్టే వీలుంది, 2024 చివర్లో ప్రకటించారు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, తనచేతే చేయించండి. రెండోది, 2024 నుంచి టీన్ అకౌంట్లు వచ్చాయి. అందులో రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్లు ఆగిపోతాయి, పదహారేళ్ళలోపు పిల్లలు ఆ కట్టుబాట్లు సడలించాలంటే పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి. కాకపోతే మన పిల్లల్లో చాలామంది అకౌంట్ తెరిచేటప్పుడే పుట్టిన సంవత్సరం వెనక్కి జరిపేస్తారు. మీ పిల్ల వయసు అందులో ఎంతని ఉందో అడిగి చూడండి.

పెద్దమ్మ, 1:50

మా అమ్మాయిని అడిగాను. ఇరవై రెండు అని ఉందట.

తమ్ముడి అన్న, మండపేట, సాయంత్రం 4:20

రాయాలా వద్దా అని పొద్దున్నుంచి చూస్తున్నాను.

మా తమ్ముడు పోయి మూడేళ్ళు. పదిహేడు వాడికి. హాస్టల్లో ఉండి చదివేవాడు. ఆ హాస్టల్ పేరు రాయను, రాసినా వాడు తిరిగిరాడు. హాస్టల్లో ఫోన్ నిషేధం, దొరికితే జరిమానా. కాబట్టి మాస్టారు గారూ, ఫోన్ లేకపోయినా జరిగింది. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మాత్రం నా పాత ఫోన్ తీసుకుని మేడ మీదకి పోయేవాడు. మేము అనుకున్నాం, పాపం ఇన్నాళ్ళకి చేతికొచ్చింది కదా, చూసుకోనీ అని.

తర్వాత ఆ ఫోన్ తెరిస్తే సేవ్ చేసుకున్న వీడియోలు కనిపించాయి. మొదట్లోవి క్రికెట్, బైకులు, ఒక పులస పులుసు వీడియో. కిందకి వెళ్ళేకొద్దీ ర్యాంకుల వాళ్ళ ఇంటర్వ్యూలు. ఇంకా కిందకి వెళితే అన్నీ నలుపు. నెల తేడాలో ఎంత మారిపోయాడో ఆ తెరమీద వరసగా కనపడింది. నేను అదే ఇంట్లో, అదే మంచం మీద పడుకున్నాను. ఆ సెలవుల్లో వాడు తన వాచీ నాకిచ్చేశాడు. "నాకు హాస్టల్లో ఎందుకురా, నువ్వు పెట్టుకో" అన్నాడు. నేను పెట్టుకుని తిరిగాను.

అమ్మా, ఈ రోజే అడగండి. నాకు అడగాలని కూడా తెలియలేదు.

డాక్టరమ్మ, 4:45

అన్నా, మీరు రాసినందుకు దండం పెడుతున్నాను. మీకు తెలియకపోవడం మీ తప్పు కాదు. ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం, చాలారోజులు కుమిలిపోయాక ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోవడం, అన్నింటికీ సెలవు తీసుకుంటున్నట్టు మాట్లాడడం, వీటిని చూసి గుర్తుపట్టమని మనకి ఎవరూ నేర్పలేదు. మీకు కూడా మాట్లాడే మనిషి కావాలి. 14416 తోబుట్టువులకీ పనికొస్తుంది.

అమలాపురం కోర్టులో పనిచేసే లాయర్, 5:30

ఒకటే మాట. ప్రయత్నం చేసిన పిల్లని ఆస్పత్రికి తీసుకెళితే కేసవుతుందని, పేరు పోతుందని ఇంట్లోనే దాచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. చికిత్స ఇప్పించే బాధ్యత ప్రభుత్వానిది. భయపడి ఆలస్యం చేయకండి.

ఇంకోటి. విశాఖలో హాస్టల్లో ఉండి నీట్‌కి చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. టెలి మానస్ నంబర్ హాస్టళ్ళలో, తరగతుల్లో కనపడేలా రాసిపెట్టాలి. మీ పిల్లల కాలేజీకి వెళ్ళినప్పుడు ఆ కౌన్సెలర్ ఎవరో అడగండి.

నెట్ సెంటర్, మలికిపురం, 6:15

ఆడపిల్లల సంగతే మాట్లాడుతున్నాం. మగపిల్లల గురించి కూడా. నా దగ్గరికి ఈ మధ్య ఒక కుర్రాడు వచ్చి ఫారం నింపుతూ నింపుతూ ఏడ్చేశాడు. ఎవరో అమ్మాయి పేరుతో వీడియో కాల్ చేసి, రికార్డు చేసి, డబ్బులివ్వకపోతే మీ నాన్నకి పంపుతాం అని బెదిరిస్తున్నారట. కొబ్బరి దింపు డబ్బుల్లోంచి తీసి రెండుసార్లు పంపేశాడు. మూడోసారి ఇవ్వలేక, ఇంట్లో చెప్పలేక తిరుగుతున్నాడు. ఇలాంటప్పుడు పిల్లలు ప్రాణం మీదకి తెచ్చుకుంటారు. డబ్బు పంపినకొద్దీ ఇంకా అడుగుతారే తప్ప ఆపరు. మెసేజ్‌లు చెరపకుండా ఉంచి సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల బొమ్మలు పాకకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అని ఉచిత సేవ ఉంది, బొమ్మని ఎవరికీ పంపక్కర్లేదు. ఆ కుర్రాడి నాన్నకి నేనే ఫోన్ చేశాను. ఆయనేమీ కొట్టలేదు. వచ్చి బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు.

సాల్మియా అమ్మ, కువైట్, రాత్రి 11:05 (మీ టైము)

అక్కా, నేనూ మీ చెల్లెలి లాంటిదాన్నే. సాల్మియాలో ఒక ఇంట్లో పనిచేస్తాను. మాది పాలకొల్లు పక్కన పల్లె. ఇప్పుడు ఇక్కడి పిల్లల స్కూలు లంచ్ బాక్సులు కడిగి ఐదు నిమిషాలు దొరికితే రాస్తున్నాను.

మీరు రాత్రి ఒంటిగంట, రెండు అని రాశారు. చదవగానే నా గుండె ఆగింది. ఇక్కడికీ అక్కడికీ రెండున్నర గంటలు తేడా. ఇంట్లో అందరూ పడుకున్నాక మాకు ఫోన్ పట్టుకునే తీరిక వచ్చేసరికి రాత్రి పదిన్నర, పదకొండు. అప్పుడు మీకు ఒంటిగంట దాటుతుంది. మీ చెల్లెలు ఏ టైముకి కాల్ చేస్తుందో ఒక్కసారి అడగండి. ఆ పిల్ల అమ్మ కాల్ కోసం మేలుకుని ఉంటోందేమో. నా కూతురు అలాగే మేలుకునేది. నేను మాట్లాడి పడుకునేదాన్ని, అది పడుకోలేక ఫోన్ చూస్తూ ఉండేది. నాకు రెండేళ్ళు తెలియలేదు.

చెల్లికి చెప్పకుండా దాచొద్దు అక్కా. ఏడిస్తే ఏడవనీ. తెలియకపోవడం అంతకంటే కష్టం.

లెక్కల మాస్టారు, భీమవరం, మంగళవారం ఉదయం 5:50

రాత్రంతా ఇవి చదువుతూ కూర్చున్నాను. మండపేట బాబూ, నీ మాటకి నా దగ్గర జవాబు లేదు. హాస్టల్లో ఫోన్ లేదు, అయినా జరిగింది అన్నావు. నిజమే.

ఏప్రిల్లో ఇంటర్ ఫలితాలు వచ్చిన సాయంత్రం మా కాలేజీ వీధిలో ర్యాంకుల ఫ్లెక్సీలు లేస్తాయి. నేనూ దగ్గరుండి కట్టించినవాడినే. అదే ఫొటోలు మా స్టాఫే స్టేటస్‌లు పెడతారు. తప్పినవాడు ఇంట్లో మంచం మీద పడుకుని ఆ స్టేటస్‌లన్నీ వరసగా చూస్తాడు. ఒకప్పుడైతే ఫ్లెక్సీ ఉన్న వీధి తప్పించుకుని వెళ్ళేవాళ్ళు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ అంకె నేను స్టాఫ్ రూంలో చాలాసార్లు చదివి వినిపించాను, ఫోన్లని తిడుతూ.

రాత్రి ఫోన్ పక్కన పెట్టించాలన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. లాక్కోమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈసారి ఫలితాల రోజున తప్పినవాళ్ళ ఇళ్ళకి మేమే ఫోన్ చేస్తాం. సప్లిమెంటరీ ఫీజు తేదీ చెప్పే వంకతో చేస్తాం. నలుగురు లెక్చరర్లతో మాట్లాడాను, ముగ్గురు సరే అన్నారు.

పెద్దమ్మ, గురువారం రాత్రి 10:20

అందరూ అడుగుతున్నారు, ఆలస్యమైంది.

మంగళవారం సాయంత్రం అమ్మ ఇంటికి వెళ్ళాను. పిల్ల వంటింటి గుమ్మంలో కూర్చుని కత్తిపీట మీద బెండకాయలు తరుగుతోంది. మా అమ్మాయి కూడా వచ్చింది. "నీ స్టోరీ చూశానే, నాకు నిద్ర పట్టలేదు, అమ్మకి చెప్పాను" అంది. పిల్ల తలెత్తలేదు. నేను పక్కన చతికిలబడ్డాను. డాక్టరమ్మ చెప్పిన మాటే అడిగాను, చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా అని. నా గొంతు నాకే వినపడలేదు. అది బెండకాయ తొడిమ తీసి పక్కన పెట్టింది, ఇంకోటి తీసుకుంది, దాని తొడిమా తీసింది. అప్పుడు తల ఊపింది.

తర్వాత చాలా చెప్పింది. కాలేజీలో ఎవరో "మీ అమ్మ అరబ్బుల ఇంట్లో గిన్నెలు తోముతుంది" అని గ్రూపులో పెట్టి నవ్వారట. దానికి లైకులు ఎవరెవరు కొట్టారో పేర్లన్నీ చెప్పింది. ఫిజిక్స్ అర్థం కావడం లేదట. నా చదువు కోసమే అమ్మ అక్కడ అలా ఉంది, నేను లేకపోతే వచ్చేస్తుంది కదా, అంది. అదండీ బరువు అంటే.

సాల్మియా చెల్లెమ్మా, మీరు చెప్పిందే నిజం. చెల్లి కాల్ చేసేది రాత్రి ఒంటిగంటన్నరకి. రోజూ మేలుకుని కూర్చునేది. కాల్ అయ్యాక ఏడుపు వచ్చేదట, ఏడుపు ఆపుకోవడానికి ఫోన్ చూసేదట. చెల్లికి ఆ రాత్రే చెప్పేశాం. ఏడ్చింది. ఆమె మేడంతో మాట్లాడుకుని సాయంత్రం నాలుగింటికి పావుగంట తీరిక అడిగింది, అంటే మనకి ఆరున్నర. నిన్నటి నుంచి ఆ టైముకే చేస్తోంది.

నిన్న 14416కి పిల్లే మాట్లాడింది, తలుపు దగ్గరగా వేసుకుని ఇరవై నిమిషాలు. డాక్టర్‌కి చూపించమన్నారు. గ్రూపులో అలా పెట్టినవాళ్ళ గురించి సోమవారం కాలేజీకి వెళ్ళి మాట్లాడతాను. లాయరు గారు చెప్పిన కౌన్సెలర్ ఎవరో కూడా అడుగుతాను. మా ఆయన కాలవ మాట మళ్ళీ ఎత్తలేదు. మందుల తాళంచెవి మాత్రం ఆయన మొలతాడుకి కట్టుకున్నారు.

లేసు దారం, 10:32

అక్కా, తల ఊపిందంటే చాలా ధైర్యం చేసింది. తనకి ఇష్టమైతే నాతో మాట్లాడమనండి. నిర్వాహకురాలి దగ్గర నా నంబర్ ఉంది.

పెద్దమ్మ, 10:50

చెబుతాను తల్లీ.

ఇప్పుడు నేను ఇక్కడే పడుకున్నాను, అమ్మ ఇంట్లో, దాని పక్కన. ఫోన్ దానంతటది ఇవ్వలేదు, అడిగితే ఇచ్చింది. పన్నెండు శాతం ఛార్జింగ్ ఉంది, హాల్లో పెట్టొచ్చాను. రేపు పదిన్నరకి కాకినాడలో డాక్టర్ అపాయింట్‌మెంట్. యానాం మీదుగా వెళతాం, ఏడున్నరకల్లా బయల్దేరాలి. దారిలో ఎదుర్లంక వంతెన మీద గోదారి చూడాలి, ఆటో కాదు బస్సే ఎక్కుదాం, కిటికీ పక్క సీటు కావాలి అంది.